మోటారుకి మార్కులు

భౌతికశాస్త్రాన్ని తెలుగులో చెప్పవలసివచ్చినప్పుడు మన పాఠ్యపుస్తకాలవారు 'ఎఫిషియెన్సీ' అనే మాటని 'దక్షత' అన్నారు. మాట బాగానే ఉంది. చెవికింపుగానూ ఉంది, నోటికి సులువుగానూ ఉంది. కాని ఆ మాట వినబడ్డప్పుడల్లా నాకు దక్షప్రజాపతి జ్ఞాపకం వస్తాడు. పేరులోనే దక్షత పెట్టుకున్న మహానుభావుడు యజ్ఞం తలపెట్టి, ముల్లోకాలనీ పిలిచి, సొంత అల్లుణ్ణి మాత్రం లెక్కలోంచి తీసేశాడు. తరువాత ఆ యజ్ఞం గతి ఏమయిందో మీకు నేను చెప్పనక్కరలేదు. లెక్కలో దేన్ని వదిలేశామో చూసుకోవడం దక్షతలో మొదటి పాఠమని, మా క్లాసు పిల్లలకి ఆ ఘట్టం వచ్చినప్పుడల్లా చెబుతూ ఉంటాను.

ఎలక్ట్రిక్ మోటారు విషయంలో ఈ దక్షత చాలా సామాన్యమైన సంగతి. కుర్రవాడి చేతికి నూరు రూపాయలిచ్చి బజారుకి పంపించామనుకోండి. వాడు ఎనభై రూపాయల సరుకు తెచ్చాడు. వాడి దక్షత నూటికి 80. మిగతా ఇరవై ఏమయిందిరా అంటే కుర్రవాడు నీళ్ళు నములుతాడు. మోటారు మాత్రం దాచదు. ఒంటిమీద చెయ్యి వేసి చూడండి, వెచ్చగా ఉంటుంది. ఆ ఇరవై అదే. రాగితీగ చుట్టలో కొంత వేడి, తిరిగే రోటారులో కొంత వేడి, ఇనప రేకుల్లో అయస్కాంతం అటూ ఇటూ తిరగబడుతూ ఉండడంవల్ల కొంత వేడి, బేరింగుల రాపిడి, గాలికొట్టే పంకా ఖర్చు. అన్నీ కలిపితే సరిగ్గా నూరు తేలుతుంది. మన ఇళ్ళలో ఏ పద్దూ ఇంత నిజాయితీగా తేలదు.

ప్రపంచంలో ఖర్చయ్యే కరెంటులో ఇంచుమించు సగం ఈ మోటార్లే తాగుతున్నాయట. మన ఇంట్లోనే చూడండి: ఫ్యాను, మిక్సీ, గ్రైండరు, ఫ్రిజ్‌లో కంప్రెసరు, బట్టల మిషను, అన్నిట్లోనూ ఒక మోటారు గూడు కట్టుకునే ఉంది. దీపం ఊరికే వెలిగితే 'ఎవర్రా అక్కడ' అని అరుస్తాంగాని, మోటారు ఎంత తిని ఎంత పనిచేస్తోందని అడిగే నాథుడు లేడు. నేనూ అడిగేవాణ్ణి కాను. మా అపార్టుమెంటు సెక్రటరీ పదవి నన్ను వరించింది గనుక అడగవలసివచ్చింది.

మాది అయిదంతస్తుల మేడ. పదిహేను కుటుంబాలు. తెలుగు లెక్చరరుకి సాయంత్రాలు ఖాళీ అనే అభిప్రాయం మా వాళ్ళలో బలంగా నాటుకుపోయింది. ఆ అభిప్రాయం ప్రకారం 2024లో నన్ను ఏకగ్రీవంగా సెక్రటరీని చేశారు. మా ఆవిడ మాత్రం, "ఏమండీ, ఏకగ్రీవమంటే ఇంకెవరూ ఒప్పుకోలేదని అర్థమా?" అని అడిగింది. వ్యాకరణరీత్యా అది సరికాదని చెప్పి ఊరుకున్నాను.

ఆ వేసవిలోనే మా నీళ్ళ మోటారు కాలిపోయింది. కింద సంపులోంచి డాబామీద ట్యాంకుకి నీళ్ళు తోడే 3 హార్స్‌పవరు మోటారు అది. వైండింగు మేస్త్రిని పిలిపించాం. ఆయన తీసుకువెళ్ళి, కొత్త తీగ చుట్టి, మూడోరోజున తెచ్చి బిగించాడు. అడ్వాన్సు పోను 3,500 రూపాయలు ఇవ్వవలసి ఉంది. నెల తిరిగేసరికి కొత్త గొడవ మొదలయింది. ట్యాంకు నిండడానికి ఇదివరకు పట్టే వేళకి రెట్టింపు పడుతోంది. పైగా మోటారు గదిలోంచి గులకరాళ్ళు డబ్బాలో పోసి ఊపినట్టు ఒకటే చప్పుడు.

కమిటీ కూర్చుంది. "వైండింగులో మోసం జరిగింది. సన్నతీగ చుట్టి ఉంటాడు," అన్నారు ప్రెసిడెంటుగారు. "బాకీ ఇవ్వవద్దు," అన్నారు కోశాధికారి. "ఈ చుట్టుపక్కల మేడలవాళ్ళకి కూడా చెప్పి పెడదాం," అన్నారు ఇంకొకరు. చెప్పిపెట్టారు కూడా. ఎదుటి మేడవాళ్ళూ, వీధి చివరి మేడవాళ్ళూ మేస్త్రికి ఇస్తామన్న పని మానుకున్నారు. ఒక దుకాణదారు కొత్త మోటారుకి 32,000 రూపాయలని చీటీ పంపించాడు. మనిషికి రెండువేల పైచిలుకు వేసుకుంటే సరి అని లెక్క కూడా తేలిపోయింది. మూడో అంతస్తులో పింఛను మీద బతికే ఒక మామ్మగారు, "రెండువేలా నాయనా?" అని నావైపు చూశారు.

"తీర్మానం రాసేముందు ఒక్కసారి కొలిచి చూద్దాం," అన్నాను నేను. పరీక్షపేపరు దిద్దకుండా మార్కులు వెయ్యడం మా వృత్తికి అలవాటులేని పని.

మా పక్క ఫ్లాటులో ఉండే మిత్రుడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ లెక్చరరు. ఆయనతో చెబితే, "రండి మాస్టారూ, ముందు మా లాబొరేటరీలో అసలు పరీక్ష ఎలా ఉంటుందో చూపిస్తాను," అని తీసుకువెళ్ళాడు. అక్కడ మోటారు ఇరుసుకి ఒక ఇనప చక్రం, దానిచుట్టూ బెల్టు, బెల్టు రెండు కొసలకీ రెండు తూకపు స్ప్రింగులు. కుర్రాళ్ళు బెల్టు బిగిస్తూంటే మోటారు మూలుగుతూ తిరుగుతుంది. చక్రం కాలిపోకుండా మధ్యమధ్య అందులో చెంబెడు నీళ్ళు పోస్తారు. తూకాల తేడా, చక్రం సైజు, నిమిషానికి ఎన్ని చుట్లు — ఈ మూడూ తెలిస్తే మోటారు చేసిన పని తెలుస్తుంది. వాట్‌మీటరు చూస్తే తిన్న కరెంటు తెలుస్తుంది. ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే దక్షత. ఈ కొలతకి మూలపురుషుడు ప్రోనీ అనే ఫ్రెంచి ఇంజనీరు. యంత్రాల బలం కొలవడానికి 1821లో ఆయన బ్రేకు కట్టాడు. చిత్రమేమంటే, లండనులో ఫారడే అయస్కాంతం చుట్టూ తీగని కరెంటుతో మొట్టమొదట తిప్పి చూపించినదీ ఆ 1821లోనే. తిరగడమూ, ఎంత తిరిగిందో కొలవడమూ ఒకే ఏడు పుట్టాయన్నమాట.

"మన మోటారుని ఊడదీసి ఇక్కడికి తేనక్కరలేదు," అన్నాడు మిత్రుడు. "మనకి నీళ్ళే తూకపురాళ్ళు."

ఆదివారం మధ్యాహ్నం పరీక్ష పెట్టాం. మామూలు పరీక్షలకన్నా దీనికి ఏర్పాట్లు ఎక్కువయ్యాయి. లిఫ్టు ఆపాలి, మెట్లమీద దీపాలు ఆర్పాలి. లేకపోతే మీటరులో వాటి లెక్క కూడా కలుస్తుంది. డాబామీద ట్యాంకు వాల్వు కట్టెయ్యాలి. లేకపోతే ఎక్కే నీళ్ళు ఎక్కుతూంటే దిగే నీళ్ళు దిగుతూంటాయి. రెండో అంతస్తు కుర్రవాడు మొహాన సబ్బుతో వరండాలోకి వచ్చి నన్ను చూసిన చూపు నేనింకా మరచిపోలేదు.

ట్యాంకు లోపల రెండున్నర మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు. నీటిమట్టం ఒక మీటరు పెరిగితే 5,000 లీటర్లు, అంటే 5,000 కిలోలు. డాబామీంచి రాయికట్టిన తాడు జారవిడిచి కొలిస్తే సంపులో నీళ్ళనుంచి పైన గొట్టం మూతిదాకా 20 మీటర్లు. అయిదువేల కిలోల్ని ఇరవై మీటర్లు ఎత్తడానికి కావలసిన శక్తి 9 లక్షల 80 వేల జౌళ్ళు. ఒక యూనిట్ కరెంటంటే 36 లక్షల జౌళ్ళు. కనక న్యాయంగా ఖర్చు కావలసినది 0.27 యూనిట్, యూనిట్‌లో పావుకి కాస్త పైన. ఈ లెక్క ఎనిమిదో క్లాసు పిల్లవాడు చెయ్యగలడు. నేనూ చేశాను.

ఇక తిన్న కరెంటు. మీటరులో చిన్న ఎర్రదీపం మిణుకుమంటూ ఉంటుంది చూశారా? దానిపక్కనే ఎన్ని మిణుకులకి ఒక యూనిట్ అవుతుందో రాసి ఉంటుంది. మా మీటరుకి 800. వాచ్‌మన్ కొడుకు పదేళ్ళవాడు మీటరు ముందు బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు. పది మిణుకులకి ఒక చింతగింజ పక్కన పెట్టడం వాడి ఉద్యోగం. నీళ్ళు ఒక మీటరు ఎక్కడానికి 40 నిమిషాలు పట్టింది. 92 గింజలు, పైన 8 మిణుకులు. మొత్తం 928, అంటే 1.16 యూనిట్లు.

0.27ని 1.16తో భాగిస్తే నూటికి 23. మా యూనివర్సిటీలోనే కాదు, ఏ యూనివర్సిటీలోనైనా ఫెయిలే.

"చూశారా! నే చెప్పలేదూ!" అన్నారు ప్రెసిడెంటుగారు.

"ఉండండి," అన్నాడు మిత్రుడు. "ఈ 23 మోటారు ఒక్కదానివి కావు. మోటారు, పంపు, గొట్టాలు ముగ్గురూ కలిసి రాసిన పేపరిది. ఎవరి మార్కులు వాళ్ళకి విడదియ్యాలి." అని సంచీలోంచి టాకోమీటరు తీశాడు. ఇరుసుమీద అంటించిన వెండిరేకు ముక్కమీదికి వెలుగు పంపి, అది నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పే పరికరమది. 2,910 అని చూపించింది.

మన కరెంటు సెకనుకి 50 ఆవృత్తులు. ఇటువంటి రెండు ధ్రువాల మోటారులో అయస్కాంతక్షేత్రం నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. రోటారు దాన్ని తరుముతూ పోతుందిగాని ఎన్నడూ అందుకోదు. అందుకుంటే లాగే బలమే ఉండదు. ఆ వెనకబాటుని 'స్లిప్' అంటారు. బరువు పెరిగినకొద్దీ వెనకబాటు పెరుగుతుంది. మా మోటారు పేరుపలకమీద పూర్తి బరువుతో 2,850 అని ఉంది, అంటే వెనకబాటు 150. ఇప్పుడున్న వెనకబాటు 90. నూటయాభైలో తొంభై అంటే మోటారు తన శక్తిలో అరవై వంతులే వాడుతోంది. పలకమీద 2.2 కిలోవాట్లని ఉంది కనక, ఇప్పుడు చేస్తున్న పని సుమారు 1.32 కిలోవాట్లు. మీటరు లెక్కన తింటున్నది గంటకి 1.74 యూనిట్లు. భాగిస్తే 76.

"ఇది మోటావారీ లెక్కే. అయిదారు మార్కులు అటూ ఇటూ అవుతుంది," అన్నాడు మిత్రుడు. "కాని ఈ వయస్సు మోటారుకి, ఈ బరువు దగ్గర 76 చెడ్డ మార్కులు కావు. సన్నతీగ చుట్టి ఉంటే మోటారు ఎక్కువ తినాలి, ఒళ్ళు కాలిపోవాలి. నీళ్ళు మాత్రం పెద్దగా తగ్గకూడదు, ఎందుకంటే పంపుకి కావలసింది వేగం, ఆ వేగం ఉంది. ఇక్కడ తిండీ తగ్గింది, నీళ్ళూ తగ్గాయి. మోటారు దగ్గరికి పనే రావడం లేదండీ."

పని ఇవ్వకుండా పనిచెయ్యలేదని తిడుతున్నామన్నమాట.

"మరి ఆ గులకరాళ్ళ చప్పుడు?" అన్నారు కోశాధికారి.

"అది మోటారు గొంతు కాదు, పంపుది. నీళ్ళు అందక లోపల ఆవిరి బుడగలు లేచి పేలిపోతున్నాయి. సంపులో ఫుట్‌వాల్వు చూడండి."

వాచ్‌మన్ గొట్టం పైకి లాగాడు. జల్లెడ నిండా మా బోరునీళ్ళ సున్నం తెల్లగా పొలుసుకట్టి ఉంది. దానికి సగం చుట్టూ ఒక ప్లాస్టిక్ సంచీ శాలువాలాగా కప్పుకుంది. సంచీ తీసి, సున్నం గోకి, మళ్ళీ బిగించి, పరీక్ష రెండోసారి పెట్టాం. ఈసారి 22 నిమిషాలు. 70 గింజలు, 4 మిణుకులు. 0.88 యూనిట్. చప్పుడు మాయం.

ఇక్కడొక తమాషా ఉంది. మోటారు ఇప్పుడు నిమిషానికి ఇదివరకటికన్నా ఎక్కువ కరెంటు తింటోంది. కాని పని త్వరగా ముగించడంవల్ల మొత్తంమీద తక్కువ తింటోంది. నిమిషం లెక్క చూసేవాడికి నష్టం, ట్యాంకు లెక్క చూసేవాడికి లాభం. అందుకే దేనితో భాగిస్తున్నామో ముందు తేల్చుకోవాలి. కేవలం ఆంపియర్ల మీటరు తగిలించి చూసి తీర్పు చెప్పడం కూడా ప్రమాదమేనన్నాడు మిత్రుడు. ఇటువంటి మోటారు ఊరికే తిరుగుతున్నప్పుడు కూడా కరెంటు బాగానే లాగుతుందిట. అందులో చాలాభాగం అయస్కాంతాన్ని నిలబెట్టడానికే. పనికింద జమ కాదు.

ఇంతా చేస్తే మార్కులు 31. ఇంకా పాసు కాలేదు! నాకు కొంచెం మనస్సు చివుక్కుమంది. "గ్రేసు మార్కులు ఉంటాయా?" అని అడిగాను. మిత్రుడు నవ్వి లెక్క చెప్పాడు. మోటారుకి ఇంచుమించు 80, పంపుకి 47, గొట్టాల రాపిడీ మలుపులూ పోను 83. నూటికి ఎనభైలో, నలభైయేడో వంతులో, ఎనభైమూడో వంతు తీస్తే 31 మిగులుతుంది. దుకాణదారు చెప్పిన కొత్తరకం మోటారు, ఐఇ3 తరగతిది, ఈ సైజులో సుమారు 86 ఇస్తుంది. అది పెట్టినా మొత్తం 31 నుంచి 34కి వెళుతుంది. ముప్ఫైరెండువేలు పోసి మూడు మార్కులు! అదే రోజంతా తిరిగే ఫ్యాక్టరీలో అయితే కథ వేరు. అక్కడ 10 హార్స్‌పవరు మోటారు ఏడాదికి 6,000 గంటలు నిండు బరువుతో తిరుగుతుందనుకుంటే, 86 దక్షత ఉన్నదాన్ని తీసి 90.4 ఉన్నది పెడితే ఏడాదికి 2,500 యూనిట్ల పైచిలుకు మిగులుతాయి. మాది రోజుకి గంటన్నర కూడా తిరగదు. మా బోటివాళ్ళు ముందు గొట్టం, జల్లెడ, పంపు చక్రం చూసుకోవాలి. మోటారు సంగతి అది మళ్ళీ కాలినప్పుడు.

సాయంత్రం నేను మేస్త్రి దుకాణానికి బాకీ డబ్బు పట్టుకు వెళ్ళాను. నిలువునా పాత స్టేటార్లు, రాగిచుట్టలు, వార్నీషు వాసన. వేసవి కనక పొలాలనుంచి వచ్చిన మోటార్లు గుట్టగా పడి ఉన్నాయి. వోల్టేజీ తగ్గితే అదే పనికి కరెంటు ఎక్కువ లాగి చుట్ట మాడిపోతుందని చెప్పాడు. మా మోటారు పద్దు అడిగితే, అరలోంచి మాసిన పుస్తకం తీశాడు. పాత చుట్ట విప్పేముందే ఎన్ని గాళ్ళు, గాడికి ఎన్ని చుట్లు, తీగ ఏ గేజీ, విప్పాక రాగి ఎంత బరువు, కొత్తది ఎంత బరువు — అన్నీ రాసి ఉన్నాయి. పాతా కొత్తా బరువు సమానం.

"కొందరు పాతతీగ ఊడడానికి మంటలో పడేస్తారు మాస్టారూ," అన్నాడు. "ఇనప రేకులకి మధ్య సన్నటి పూత ఉంటుంది. అది మాడిందంటే రేకులన్నీ ఒకటై లోపలే కరెంటు సుళ్ళు తిరుగుతుంది. ఇక ఆ మోటారుకి జన్మంతా జ్వరమే. నేను కోసి లాగుతాను. ఆలస్యమవుద్ది, అంతే."

ఈ మాట మిత్రుడికి చెబితే నిజమేనన్నాడు. 2003లో అమెరికా, బ్రిటనులలోని మోటారు మరమ్మతుదారుల సంఘాలు కలిసి పరీక్షలు చేయించి, శ్రద్ధగా తిరగచుట్టిన మోటారు దక్షత తగ్గనక్కరలేదని తేల్చాయట.

మేస్త్రి డబ్బు లెక్కపెట్టుకున్నాడు. నాకు దణ్ణం పెట్టబోయి ఆగాడు. "డబ్బు సంగతి సరే బాబూ. ఆ రెండు మేడలవాళ్ళకీ మీవాళ్ళు మాట చేరవేశారు. మాట తిరిగి ఎవరు తెస్తారు?" అన్నాడు.

నాకు జవాబు తోచలేదు. కాసేపటికి బల్లమీదున్న తెల్లకాగితం తీసుకున్నాను. ఎన్ని లీటర్లు, ఎంత ఎత్తు, ఎన్ని నిమిషాలు, ఎన్ని యూనిట్లు, ఎన్ని చుట్లు — ముందూ వెనకా అన్నీ వరసగా రాశాను. 'దోషము ఫుట్‌వాల్వు జల్లెడలో కనబడినది. వైండింగులో కాదు' అని కింద రాసి, సెక్రటరీ హోదాలో సంతకం పెట్టి, తేదీ వేశాను. మర్నాడు ప్రెసిడెంటుగారు కూడా చదివి, కళ్ళజోడు సవరించుకుని, నా సంతకం పైన తన సంతకం చేశారు. ఆయన మంచివారు, లెక్క చూపిస్తే వినేవారు. ఆ కాగితం పట్టుకుని మేస్త్రి రెండు మేడలకీ తిరిగాడు. వీధి చివరివాళ్ళు పని ఇచ్చారు. ఎదుటివాళ్ళు అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. నూటికి 50 అన్నమాట.

మీరుకూడా ఓ ఆదివారం ఈ పరీక్ష పెట్టుకోవచ్చు. కావలసినవి టేపు, తాడు, గడియారం, గుప్పెడు చింతగింజలు. కొత్త మోటారుకి చందా వేసుకునేముందు, మేస్త్రిని పిలిచి మందలించేముందు పెట్టుకుంటే మరీ మంచిది. మొదటిసారి వచ్చిన అంకె దాచుకోండి. అంకె మంచిదా చెడ్డదా అన్నది తరువాత. మార్పు కనిపెట్టడానికి అది కావాలి.

మా మోటారు గది గోడమీద వాచ్‌మన్ కొడుకు ఇప్పుడు ప్రతి ఆదివారం ట్యాంకు ఒక మీటరు నిండడానికి పట్టిన నిమిషాలు సుద్దముక్కతో రాస్తున్నాడు. 22, 22, 23, 22, 23... 26 దాటితే జల్లెడ కడగాలని ఒప్పందం. కిందటి ఆదివారం 25 రాసి, దాని పక్కన ఎవరూ చెప్పకుండానే ఎర్రసుద్దతో ఒక గీత గీశాడు.